ముంగిలి బండలకు పూత

తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టడం తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా వస్తున్న అలవాటు. ఊరు మారినా, రాష్ట్రం మారినా ఈ అలవాటు పోలేదు. యానాంలోను, బరంపురంలోను, చెన్నైలోను, బళ్లారిలోను, షోలాపూరులోను తెలుగువారి గుమ్మాల ముందు ముగ్గు కనిపిస్తుంది. కాని ముగ్గు కింద ఉన్న నేల మాత్రం మారిపోయింది. ఒకప్పుడు అది మట్టినేల. పేడతో అలికితే దుమ్ము లేచేది కాదు, చిన్న చిన్న పగుళ్లు పూడుకుపోయేవి. ఆలోచించి చూస్తే ఆ అలుకు కూడా ఒక పూతే. అరిగిపోతే మళ్లీ అలుక్కునేవారు. ఇప్పుడు చాలా ఇళ్ల ముందు నాపరాళ్లు, షాబాదు బండలు, ఎర్రమట్టి పలకలు, సిమెంటుతో పోతపోసిన పలకలు పరుస్తున్నారు. ఈ సిమెంటు పలకలనే పేవర్లు అంటారు.

యానాంలో గౌతమీ తీరానికి దగ్గరగా ఒక ఇల్లు ఉందనుకుందాం. ఇంటి ముందు నలభై చదరపు మీటర్ల ముంగిట్లో సిమెంటు పలకలు పరిపించారు. మొదటి ఏడాది అవి చూడముచ్చటగా ఉన్నాయి. రెండో ఏడాది వానలు వెలిసేసరికి కొన్ని పలకల మీద తెల్లని చారలు తేలాయి. చెట్టునీడ పడే మూల పచ్చగా పాచి పట్టింది. స్కూటరు నిలిపే చోట నూనె మచ్చలు మిగిలాయి. సంక్రాంతికి వేసిన రంగుల ముగ్గు శివరాత్రి నాటికి కూడా పూర్తిగా పోలేదు. ఇంటివారు అంగడికి వెళ్లి అడిగితే, “దీనికి సీలరు వేయాలి” అని రకరకాల డబ్బాలు చూపించారు. ఒకటి అద్దంలా మెరుస్తుందట. ఒకటి రంగును ముదురు చేస్తుందట. మరొకటి పూసినట్టే కనిపించదట. వీటిలో ఏది కొనాలి?

ఇది కేవలం అందానికి సంబంధించిన ప్రశ్న కాదు. తప్పు పూత ఎంచుకుంటే డబ్బు వృథా అవుతుంది, పలకలు ఇంకా త్వరగా పాడవుతాయి. అంతకంటే ముఖ్యంగా, వాన పడిన ఉదయం ఆ నున్నని నేలమీద ముసలివారు కాలు జారిపడే ప్రమాదం ఉంది. అందువల్ల పూతను ఎంచుకునే ముందు రాయికీ నీటికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవాలి.

రాయి గట్టిగా కనిపిస్తుంది కాని దాని నిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పైకి లాగినట్లు ఈ రంధ్రాలు నీటిని లోపలికి లాగుతాయి. దీనినే శాస్త్రజ్ఞులు కేశనాళికీయత అంటారు. రంధ్రాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి పలక ఎక్కువ నీరు తాగుతుంది. గ్రానైటు చాలా తక్కువ తాగుతుంది. సిమెంటు పలకల విషయంలో దీనికి ఒక హద్దు ఉంది. పలకలు పీల్చుకునే నీరు సగటున వాటి బరువులో నూటికి 6 వంతులు మించకూడదని భారత ప్రమాణాల సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణం నిర్దేశించింది. అంటే 3 కిలోల పలక 180 గ్రాముల వరకు నీరు తాగవచ్చు. అది దాదాపు ఒక గ్లాసు నీళ్లు. గట్టిగా, పొడిగా కనిపించే పలక కడుపులో గ్లాసెడు నీళ్లు దాగి ఉండవచ్చన్నమాట.

ఈ నీరు ఊరికే ఉండదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కొంత కాల్షియం హైడ్రాక్సైడు, అంటే తడి సున్నం, ఏర్పడుతుంది. పలకలోకి దిగిన నీరు ఈ సున్నాన్ని కొద్దిగా కరిగించుకుంటుంది. ఎండ కాయగానే ఆ నీరు పైకి వచ్చి ఆవిరైపోతుంది. మిగిలిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బనేటుగా మారుతుంది. పలకల మీద కనిపించే తెల్లని చారలు చాలావరకు ఇవే. నేలలోని లవణాలు, సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు కూడా ఇలాగే పైకి తేలుతాయి. వీటిని చూసి, “చౌడు పట్టింది”, “ఉప్పు పూసింది” అంటుంటారు.

వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో నీటి రాకపోకలు నిరంతరం సాగుతుంటాయి. వాన నీరు పైనుంచి దిగుతుంది. నేలలోని తడి కిందినుంచి ఎక్కుతుంది. మండే ఎండ ఆ తడిని ఆవిరిగా మార్చి పైకి లాగుతుంది. కాబట్టి పలక పైభాగాన్ని గట్టిగా మూసివేసినంత మాత్రాన తడి ఆగిపోదు. కిందినుంచి వచ్చిన తడికి దారి లేక అది పూత కిందనే చిక్కుకుంటుంది. పైనుంచి నీరు దిగకూడదు, లోపలి తడి మాత్రం ఆవిరై బయటకు పోవాలి. మంచి పూతకు ఉండవలసిన మొదటి గుణం ఇదే.

లోపల చిక్కుకున్న ఉప్పు రాయిని ఎంత బాధిస్తుందో తెలుసుకోవడానికి తమిళనాడులోని మహాబలిపురం వరకు వెళితే చాలు. అక్కడ ఎనిమిదవ శతాబ్దిలో పల్లవులు కట్టించిన తీర దేవాలయం సముద్రపు ఒడ్డునే ఉంది. శతాబ్దాల తరబడి ఉప్పు గాలి తాకి అక్కడి శిల్పాలు అరిగిపోయాయి. ఉప్పునీరు రాతి రంధ్రాలలోకి దిగి ఆరినప్పుడు అందులోని ఉప్పు స్ఫటికాలుగా మారుతుంది. ఆ స్ఫటికాలు పెరుగుతూ రాతిని లోపలినుంచి నెట్టుతాయి. క్రమంగా పైపొర రేకులు రేకులుగా రాలిపోతుంది. పురావస్తు శాఖవారు తడిపిన కాగితపు గుజ్జును ఆ రాతికి పట్టించి, రాతిలోని ఉప్పును గుజ్జులోకి లాగి తీసివేసే పద్ధతిని పాటించారు. ఉప్పును లోపల బంధించడం కాదు, దానికి బయటకు దారి చూపడమే ఈ వైద్యంలోని కీలకం. ముంగిలి పలకకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

అంగడిలో దొరికే పూతలు ఎన్ని పేర్లతో ఉన్నా ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది రాతిమీద పొరగా నిలిచే పూత. ఆక్రిలిక్, పాలీయురిథేను, ఎపాక్సీ పూతలు ఈ జాతికి చెందినవి. వీటిని పూయగానే అందులోని ద్రవం ఆరిపోయి పలుచని పొర మిగులుతుంది. ఈ పొర మెరుస్తుంది. రాతి రంగును ముదురుగా చూపిస్తుంది. నూనె, కూర మరకలు రాతిలోకి ఇంకకుండా ఆపుతుంది. వానకు తడవని వసారాలో, ఇంటి లోపల ఇటువంటి పూత బాగానే పనిచేస్తుంది.

ఆరుబయట మాత్రం దీనికి మూడు చిక్కులు ఉన్నాయి. మొదటిది తేమ. కిందినుంచి వచ్చిన తడి పొర కింద చిక్కితే అక్కడ పాలు ఒలికినట్లు తెల్లని మచ్చలు ఏర్పడతాయి. తరువాత పొర పొక్కి ఊడిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున పూస్తే కొన్ని పూతలు ఆరకముందే తెల్లబారతాయి. రెండవది ఎండ. ఎపాక్సీ ఎండకు పసుపుపచ్చగా మారి, పొడి రాలుతుంది. ఆక్రిలిక్ ఎండను కొంత మెరుగ్గా తట్టుకుంటుంది కాని నడకకు, బండి చక్రాలకు అరిగిపోతుంది. కొన్నేళ్లకొకసారి దానిని మళ్లీ పూయాలి. అంతకుముందు పాత పొరను గీకి తీయవలసి రావచ్చు. మూడవది జారుడు. రాతికి సహజంగా ఉండే గరుకుదనాన్ని ఈ పొర కప్పివేస్తుంది. నీరు పడితే నేల అద్దంలా జారుతుంది. జారకుండా సన్నని గరుకు పొడిని పూతలో కలిపే పద్ధతి ఉంది. అలా కలపకుండా ఆరుబయట మెరుపు పూత వేయడం ప్రమాదకరం.

రెండవ జాతి రాతిలోకి ఇంకిపోయే పూత. సిలేను, సిలాక్సేను అనే రసాయనాలతో చేసిన పూతలు ఇందులో ముఖ్యమైనవి. ఇవి సిలికాను కుటుంబానికి చెందినవి. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇటువంటి పదార్థాలను విస్తారంగా పరిశోధించాడు. ‘సిలికోను’ అనే పేరు పెట్టినది కూడా ఆయనే. సిలేను అణువులు చాలా చిన్నవి. అందువల్ల అవి సిమెంటు పలక రంధ్రాలలోకి లోతుగా దిగుతాయి. అక్కడి తేమతోను, ఖనిజాలతోను చర్య జరిపి రంధ్రాల గోడలకు నీరంటని గుణాన్ని కలిగిస్తాయి. రంధ్రాలు మాత్రం మూసుకుపోవు.

తామరాకు మీద నీటిబొట్టు ఆకును అంటకుండా ముత్యంలా దొర్లడం అందరికీ తెలిసిన విషయమే. ఆకు మీద ఉన్న మైనం, కంటికి కనిపించని గరుకుదనం కలిసి దీనికి కారణమని జర్మనీకి చెందిన వృక్షశాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో వెలువరించిన పరిశోధనలో వివరించారు. సిలేను పూసిన పలక తామరాకు అయిపోదు కాని నీటిబొట్టు దానిమీద కూడా ఇంకకుండా గుండ్రంగా నిలుస్తుంది. నీరు బొట్టుగా లోపలికి దిగలేదు. లోపలి తడి ఆవిరిగా మాత్రం బయటకు పోగలదు. గుమ్మానికి కట్టిన దోమతెర గాలిని రానిస్తూ దోమను ఆపినట్లే ఈ పూత పనిచేస్తుంది.

ఈ పూతకు మెరుపు ఉండదు. రంగు కూడా దాదాపు మారదు. “ఇంత ఖర్చు పెట్టినా ఏమీ కనిపించలేదే” అని కొందరికి అనిపిస్తుంది. పొర లేదు కాబట్టి ఊడిపోయే పని లేదు. రాతి గరుకుదనం అలాగే ఉంటుంది కాబట్టి జారుడు పెరగదు. అయితే నూనె మరకలను ఇది పూర్తిగా ఆపలేదు. నూనెను కూడా ఆపగలదని డబ్బామీద ప్రత్యేకంగా రాసి ఉంటేనే ఆ పని చేస్తుంది.

అన్ని రాళ్లకూ ఒకే పూత పనికిరాదు. సిలేను ఇసుక, సిమెంటు, గ్రానైటు వంటి వాటిలో ఉండే సిలికాతో బాగా బంధం కుదుర్చుకుంటుంది. కడప బండ, తాండూరు బండ, కర్ణాటకలోని షాబాదు బండ సున్నపురాయి జాతికి చెందినవి. వీటిలో ఆ బంధం అంత గట్టిగా కుదరదు. కాబట్టి సున్నపురాయికి పనికివస్తుందని రాసి ఉన్న పూతనే వీటికి కొనాలి. సున్నపురాతికి మరొక శత్రువు కూడా ఉంది. అది ఆమ్లం. నిమ్మరసం, చింతపండు పులుసు, స్నానాల గది కడిగే యాసిడ్ తగిలితే రాతి పైభాగమే కరిగిపోతుంది. ఏ పూత వేసినా ఈ బండలను యాసిడ్‌తో కడగకూడదు. ఇక నున్నని గ్రానైటు నీటిని చాలా తక్కువ తాగుతుంది కాబట్టి చాలాచోట్ల దానికి పూత అవసరమే ఉండదు.

పూత అవసరమో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. శుభ్రంగా ఆరిన పలకమీద నాలుగు నీటి చుక్కలు వేసి అయిదు నిమిషాలు చూడాలి. చుక్కలు ఇంకిపోయి ఆ చోటు నల్లబడితే పలక నీరు తాగుతున్నట్టు. చుక్కలు అలాగే నిలిచి ఉంటే ఇప్పట్లో పూత అక్కరలేదు. ముందు వేసిన పూత ఇంకా పనిచేస్తున్నదా లేదా అని ఏటేటా తెలుసుకోవడానికి కూడా ఇదే పరీక్ష పనికివస్తుంది.

పలక లోపల తడి ఉన్నదా లేదా అన్నది రెండో పరీక్ష. మూరెడు చదరపు పాలిథిన్ కాగితాన్ని పలకలమీద పరచి, నాలుగు అంచులను అతుకు టేపుతో మూసి, ఒక రాత్రంతా ఉంచాలి. మర్నాడు కాగితం అడుగున నీటి ముత్యాలు కనిపిస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టు. అప్పుడు పూత వేయడం మరికొన్ని రోజులు ఆపాలి. కొత్తగా పరిచిన సిమెంటు పలకలకు వెంటనే పూత వేయకూడదు. కనీసం ఒక నెల ఆగాలి. తెల్లని చారలు తేలుతూ ఉంటే, అవి తగ్గేవరకు బ్రష్షుతో రుద్ది కడుగుతూ ఇంకా ఆగడం మంచిది.

ఎప్పుడు పూయాలనేది ఊరిని బట్టి మారుతుంది. ముంబయి, భివండీ ప్రాంతాలలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు కురుస్తాయి. అక్కడ శీతకాలం నుంచి వేసవి తొలి రోజుల వరకు ఈ పని చేసుకోవచ్చు. చెన్నైలో ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల పడుతుంది. అక్కడ సంక్రాంతి దాటిన తరువాత పని మొదలుపెట్టడం మేలు. యానాం, బరంపురం వంటి తూర్పు తీరపు ఊళ్లలో తుపానుల కాలం ముగిసి నేల బాగా ఆరిన తరువాతనే పూత వేయాలి. షోలాపూరు, బళ్లారి వంటి పొడి ప్రాంతాలలో తేమ బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ.

రోజులో సమయం కూడా ముఖ్యమే. తెల్లవారుజామున మంచు తడి ఉంటుంది. మధ్యాహ్నం బండ కాలిపోతుంది. కాలే బండమీద పూసిన పూత లోపలికి ఇంకకముందే ఆరిపోతుంది, పొరగా నిలిచే పూతలో బుడగలు లేస్తాయి. కాబట్టి ఉదయం మంచు తడి ఆరిన తరువాత, ఎండ ముదరకముందు పూయాలి. బండమీద అరచేయి అయిదు క్షణాలు ఆనించి ఉంచలేకపోతే ఆ సమయం పూతకు పనికిరాదు. పూసిన తరువాత ఒక రోజైనా వాన పడని వాతావరణం ఉండాలి.

పూసేముందు నేలను బ్రష్షుతో రుద్ది, పాచి, దుమ్ము, నూనె పోయేలా కడిగి బాగా ఆరనివ్వాలి. మురికిమీద పూత వేస్తే మురికి శాశ్వతంగా నిలిచిపోతుంది. మొదట ఎవరికీ కనిపించని మూల రెండు పలకలకు పూసి కొన్ని రోజులు చూడాలి. ఇంకిపోయే పూతను సమంగా పూసి, ఇంకకుండా మిగిలినదాన్ని గుడ్డతో తుడిచివేయాలి. డబ్బామీద లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తుందో రాసి ఉంటుంది. లీటరుకు 5 చదరపు మీటర్లు వస్తే 40 చదరపు మీటర్ల ముంగిలికి ఒక విడతకు 8 లీటర్లు కావాలి. కొన్ని పూతల ఆవిరి సులభంగా అంటుకుంటుంది, పీల్చితే తల తిరుగుతుంది. అందుచేత చేతికి తొడుగులు, ముక్కుకు ముసుగు వేసుకోవాలి. దగ్గరలో నిప్పు ఉండకూడదు. పిల్లలను దూరంగా ఉంచాలి. మిగిలిన పూతను కాలువలో పారబోయకూడదు.

పూత చేయలేని పనులు కూడా ఉన్నాయి. ముంగిట్లో నీరు నిలిచిపోతుంటే దానికి మందు పూత కాదు, వాలు. మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఉంటే నీరు వీధి వైపు జారిపోతుంది. కుంగిన పలకను ఎత్తి, కింద ఇసుక సరిచేసి, మళ్లీ పరచాలి. నీడపడే మూల రాలిన ఆకులు ఊడ్చకపోతే ఏ పూత వేసినా పాచి పడుతుంది. పూత పాచిని ఆలస్యం చేస్తుందే కాని పూర్తిగా ఆపలేదు.

ఇప్పుడు యానాంలోని ఆ ఇంటికి మళ్లీ వద్దాం. ఇంటి ఇల్లాలికి మెరిసే పూతమీద మనసు పోయింది. మేస్త్రీ చెంబుతో నీళ్లు తెచ్చి, పలకలమీద చల్లి చూపించాడు. నీళ్లు క్షణాలలో ఇంకిపోయాయి.

“అమ్మా, ఈ నేల కింద ఎప్పుడూ చెమ్మే. పైన పొర వేస్తే ఏడాదిలో పొక్కిపోద్ది. అదీగాక మామ్మగారు తెల్లారగానే తులసికోట దగ్గరకి వస్తారు కదండీ” అన్నాడు.

ఆ మాటతో ఇల్లాలు ఆలోచనలో పడింది. గుమ్మంలో కూర్చున్న మామ్మ నవ్వి, “మెరుపు నాకెందుకమ్మా? కాలు నిలిస్తే చాలు” అంది.

చివరకు వారు మూడు పనులు చేయాలని నిర్ణయించుకున్నారు. నీరు నిలిచే మూల పలకలు ఎత్తి వాలు సరిచేయడం మొదటిది. మాఘమాసం వరకు ఆగి, నేల బాగా ఆరిన తరువాత ముంగిలి అంతటికీ ఇంకిపోయే పూత వేయడం రెండవది. స్కూటరు నిలిపే చోట నూనె పడకుండా ఒక రేకు పరచడం మూడవది. ఆ పూతను చూసి ఎవరూ మెచ్చుకోకపోవచ్చు. కాని వాన వెలిసిన ఉదయం మామ్మ భయం లేకుండా తులసికోట వరకు నడిచి వెళ్లగలదు.

మట్టినేలను అలికిన ఆనాటి ఇల్లాలికి తన నేల ఏమిటో, దానికి ఏమి కావాలో బాగా తెలుసు. నేల మారింది, పూత మారింది. ఆ తెలివి మాత్రం నేటికీ అవసరమే. డబ్బామీది మెరుపు బొమ్మను చూసి కాకుండా, తన రాతిని, తన ఊరి గాలిని, ఆ నేలమీద నడిచే మనుషులను చూసి పూతను ఎంచుకోవడమే వివేకం.

ప్రశ్నలు

1. పేడ అలుకును కూడా ఒక పూత అని ఎందుకు అనవచ్చు?
2. సిమెంటు పలకలమీద తెల్లని చారలు ఎలా ఏర్పడతాయో వివరించండి.
3. తీర దేవాలయపు రాతికి చేసిన చికిత్సకూ ముంగిలి పూతకూ ఉన్న పోలిక ఏమిటి?
4. పొరగా నిలిచే పూతకూ, ఇంకిపోయే పూతకూ గల భేదాలను రాయండి.
5. మేస్త్రీ చెప్పిన కారణాలు ఏవి? వాటిలో మీకు ముఖ్యమని తోచినది ఏది? ఎందుకు?

చేసి చూడండి

మీ ఇంటి ముందు, బడి ఆవరణలో ఉన్న మూడు రకాల రాళ్లమీద నీటి చుక్కలు వేసి, అవి ఇంకడానికి పట్టిన సమయాన్ని పట్టికగా రాయండి. మీ ఊళ్లో పూత వేయడానికి ఏ నెలలు అనువైనవో పెద్దలను అడిగి తెలుసుకోండి.